నల్ల పెట్టె పక్కన పొదిగిన గుడ్లు

మా బాబును చూడటానికి పోయిన ఆదివారం రఘు మామ హిందూపురం నుంచి వచ్చాడు. మా అమ్మకు తమ్ముడు. ఒక చేతిలో అరటిపళ్ళ సంచి, భుజానికి నల్ల బ్యాగు. ఆ బ్యాగును ఇరవై ఏళ్ళ తర్వాత చూడటం. పట్టీ ఒకవైపు పీచులు లేచింది. జిప్పుకు పిడి ఊడిపోతే ఆ చోట పిన్నీసు గుచ్చి ఉంది. మామ దాన్ని కుర్చీలో పెట్టగానే నాకు మల్బరీ ఆకు వాసన వచ్చింది. ఇన్నేళ్ళు ఆ వాసన బ్యాగులో మిగిలే వీలు లేదని తెలుసు. అయినా వచ్చింది. లోపలినుంచి మామ ల్యాప్‌టాప్ తీశాడు. నల్లటిది, ఇటుకంత మందం, ఒక మూల చిట్లిన మూత, మూత మీద సగం అరిగిన వెండి రంగు అక్షరాల్లో కంపెనీ పేరు: టెర్విన్. "షాపు సర్దుతాంటే అటక మీద దొరికింది. పారేసేకి చేతులు రాలా. నువ్వే పెట్టుకో పాపా," అన్నాడు. నాకు ముప్పై ఏళ్ళు దాటినా మామకు నేను ఇంకా పాపనే.

ఇప్పుడది నా ముందు బల్ల మీద ఉంది. బాబు పక్క గదిలో నిద్రపోతున్నాడు. వాడు అయిదు వారాలు ముందుగా పుట్టాడు. పద్దెనిమిది రోజులు ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో ఉన్నాడు. పెట్టెకున్న గుండ్రటి కంతలోంచి చెయ్యి పెట్టి వాడి అరికాలు తాకి వచ్చేదాన్ని. ఇప్పుడు వాడికి మూడో నెల. బరువు బాగానే పెరుగుతున్నాడని డాక్టరమ్మ చెబుతుంది. వింటాను, నమ్మలేను. అరగంటకొకసారి లేచి ఫోను లైటు వాడి మీద వేసి, పొట్ట లేస్తోందా లేదా అని చూస్తాను. వెలుగు పడగానే వాడు ముఖం ముడుచుకుంటాడు. అప్పుడు నాకు ఊపిరి వస్తుంది, వాడికి నిద్ర పోతుంది. ఏడో నెలలో ఒక పెళ్ళికని విడపనకల్లు దాకా బస్సులో వెళ్ళి వచ్చాను. ఇంట్లోవాళ్ళు వద్దన్నా వినలేదు. దానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. కానీ ఆ దారిలో గుంతలన్నీ నాకు ఇప్పటికీ గుర్తే. కళ్ళు మూసుకుంటే బస్సు ఒక్కొక్కదాంట్లో దిగి లేస్తూనే ఉంటుంది. నేను చేసిన ఒక చిన్న పని వల్ల ఒక ప్రాణం వేళ కాని వేళ బయటికి రావడం నా జీవితంలో ఇది రెండోసారి. మొదటిది జరిగినప్పుడు ఈ టెర్విన్ పెట్టె అక్కడే ఉంది.

మాది గోరంట్లకూ కొత్తచెరువుకూ నడుమ చిన్న ఊరు. చెనిక్కాయలు, అదే వేరుశనగ, వేసి వాన కోసం ఆకాశం చూసే ఊరు. అందరిలా మేమూ చూసేవాళ్ళం. కాకపోతే మాకు బావి కింద కొంచెం మల్బరీ ఉండేది. దాన్ని నమ్ముకుని అవ్వ పట్టుపురుగులు పెంచేది. అవ్వ అంటే నాయనకు అమ్మ. ఇంట్లో నడిమి గది మొత్తం పురుగులదే. మేము వసారాలో పడుకునేవాళ్ళం. పురుగులున్న రోజుల్లో ఇల్లు ఇల్లుగా ఉండేది కాదు. గడప దగ్గర సున్నం గీత, దాన్ని తొక్కి పాదాలు తెల్లగా చేసుకుంటేనే అవ్వ లోపలికి రానిచ్చేది. తాళింపు ఘాటు పురుగులకు పడదని అమ్మ పొయ్యి పెరట్లోకి మారేది. దేవుడి పటం దగ్గర ఊదుబత్తి కూడా వెలిగించేవారు కాదు. "దేవునికి అర్తమైతాది, పురుగుకు కాదు," అనేది అవ్వ. నెల రోజుల పాటు మా దేవుళ్ళు వట్టి పువ్వులతో సరిపెట్టుకునేవాళ్ళు. పేడతో అలికిన వెదురు తట్టలు, తడి గోనెపట్టలు, తరిగిన ఆకు. ఈ మూడూ కలిసిన ఒక చల్లని వాసన మా బట్టల్లో, జడల్లో, రాగిసంగటి ముద్దలో కూడా ఉండేది. బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల వాసన చూసి, "మీ ఇంట్లో పురుగులు లేసినాయా?" అని అడిగేది.

పెద్దవైన పురుగులు ఆకు తినేటప్పుడు ఇల్లంతా సన్నటి వాన శబ్దం. మా నాయన నిద్రలో అది విని ఎన్నిసార్లు మోసపోయాడో! గబాలున లేచి, ఎండబెట్టిన చెనిక్కాయలు తడుస్తాయని బయటికి పరిగెత్తేవాడు. పొడి నేల మీద, నక్షత్రాల కింద కాసేపు ఉత్తి చేతులతో నిలబడి, వచ్చి పడుకునేవాడు. నాకు తెలిసి, వానలు తప్పిన ఒక ఏడాది మా ఊళ్ళో వినబడిన వాన అదొక్కటే.

రఘు మామ ఆ ఏడాదే బెంగళూరు నుంచి వచ్చేశాడు. అక్కడ టెర్విన్ కంపెనీ రిపేరు గదిలో పనిచేసేవాడు. ఆ కంపెనీ గురించి మామ చెబుతుంటే, చనిపోయిన పెద్దమనిషి గురించి చెబుతున్నట్టు ఉండేది. వాళ్ళు మొదట టైపుమిషన్లు చేసేవాళ్ళట. తర్వాత ఊరూరు తిరిగే ఆఫీసర్ల కోసం ఈ ల్యాప్‌టాప్‌లు. పైపై మెరుగులు ఉండవు, కింద పడినా పగలవు. కీల మీద కాఫీ ఒలికితే కిందికి కారిపోయేలా లోపల కాలవలు కూడా పెట్టారట. "ఒక్క మరమేకు యాడ పెట్టాల్నో కూడా ఆలోచించి పెట్టినారు బావా," అని నాయనకు చెప్పేవాడు. అంత ఆలోచించిన కంపెనీ ఒక రోజు ల్యాప్‌టాప్‌ల పని మొత్తం ఇంకొక కంపెనీకి అమ్మేసింది. కొత్తవాళ్ళు బెంగళూరులో రిపేరు గది అవసరం లేదన్నారు. ఎవరో తిప్పి పంపిన, మూల చిట్లిన పెట్టె ఒకటి మామకు ఇచ్చి పంపేశారు. "అంత తెలివైనోళ్లు నిన్నెట్ల పోగొట్టుకునిరి?" అని అవ్వ అడిగింది. ఎగతాళో, నిజంగానే అడిగిందో ఎవరికీ తెలియలేదు. మామ నవ్వాడు, అమ్మ మాత్రం తల వంచుకుంది. అత్తగారింట్లో తమ్ముడు ఊరికే కూర్చుని తింటుంటే అమ్మకు ముద్ద దిగేది కాదు. మామకు వడ్డించేటప్పుడు గరిటె తొందరగా తిప్పేసేది, ఎవరి కంటా పడకుండా.

పెట్టెతో పాటు వచ్చిన పుస్తకంలో ఒక బొమ్మ ఉండేది. కోటు వేసుకున్న మనిషి విమానాల దగ్గర కూర్చుని, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని చిరునవ్వు నవ్వుతుంటాడు. అవ్వ ఆ బొమ్మను చాలాసేపు చూసింది. "ఈయప్ప ఏం యాపారం చేస్తాడంట?" అంది. మామ ఆలోచించి, "తెలీదత్తా, అందరికీ అమ్ముతాంటాడు," అన్నాడు. "ఏమి?" "అదే తెలీదు." అవ్వ పుస్తకం మూసి, "పాపం, ఇంటికి పోయేకి బస్సు రాలేదేమో," అంది. తర్వాత ఎన్నో రోజులు నాకు ఆ కోటు మనిషి బస్సు కోసం ఎదురుచూస్తున్నవాడిలాగే కనబడ్డాడు.

ఆ చలికాలం గుడ్లు తెచ్చిన రోజు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. చెనిక్కాయ పైరు అప్పటికే ఎండిపోయింది. ఆ ఏడాదికి మాకు మిగిలింది ఈ ఒక్క పురుగుల పంటే. గుడ్లంటే కాగితాల మీద అంటించిన గసగసాల్లా ఉంటాయి. పుట్టేదాకా వాటికి మరీ చలి తగలకూడదు, మరీ వేడీ తగలకూడదు. మామూలుగా అవ్వ గదిలో కుంపటి పెట్టేది. కానీ కుంపటి ఒక పూట మండుతుంది, ఒక పూట ఆరుతుంది, పొగ కూడా. అప్పుడు మామ భయపడుతూనే ఒక మాట అన్నాడు. "అత్తా, నా పెట్టె నడుస్తాంటే పక్కనించి యెచ్చటి గాలి వస్తాది. పొగ ఉండదు. ఒకే తీరుగా వస్తాది." నాయన నవ్వాడు. అవ్వ నవ్వలేదు. పెట్టె నడిపించమంది. పక్కనున్న చీలికల దగ్గర మణికట్టు లోపలి వైపు ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడింది. పసిపిల్లల నీళ్ళ వేడి కూడా ఆమె అట్లాగే చూసేది. "కొంచిం దూరం పెట్టు... ఇంకొంచిం... ఆఁ, ఈడ," అంది. మామ అక్కడ బొగ్గుతో నేల మీద గీత గీశాడు. అమ్మ ఆ రోజు మామకు రెండు ముద్దలు అందరూ చూస్తుండగానే వడ్డించింది.

అట్లా మా నడిమి గదిలో, ఆఫీసర్ల కోసం చేసిన ఆ పెట్టె పట్టుపురుగుల గుడ్లను పొదిగింది. పగలు కరెంటు సరిగ్గా ఉండేది కాదు, పగలు చలీ ఉండేది కాదు. పొద్దు వాలాక కరెంటు వచ్చేది, చలీ దిగేది, ఫ్యాను సన్నగా ఉమ్‌మని మొదలయ్యేది. మూత మూస్తే పెట్టె నిద్రపోతుందట. అందుకని మూత తెరిచే పెట్టి, వెలుగు పడకుండా స్క్రీను మీద మామ మందపాటి దుప్పటి కప్పేవాడు. ఎందుకంటే పుట్టబోయే రెండు రోజుల ముందు గుడ్లు నీలంగా మారతాయి. అప్పటినుంచి వాటికి చీకటి కావాలి. నల్లగుడ్డ చుట్టి ఉంచి, మూడో రోజు తెల్లవారుజామున ఒక్కసారిగా గుడ్డ తీస్తే అన్నీ వెలుగు చూసి కలిసి పుడతాయి. కలిసి పుడితేనే కలిసి తింటాయి, కలిసి నిద్రపోతాయి, కలిసి గూడు కడతాయి. ఆ రోజుకు సరిగ్గా లేత ఆకు సిద్ధంగా ఉండాలి. మా తోటలో ఉన్నది ముదురు ఆకు. పుట్టిన పురుగు నోటికి అది తెగదు. అందుకే కొత్తచెరువు దగ్గర తోటున్న నారాయణమ్మత్తను అవ్వ ముందే అడిగి పెట్టింది, రోజు చెప్పి మరీ.

గుడ్లు నీలమైన రోజు అవ్వ గుడ్డ చుట్టి, "రెండు దినాలు దీని తట్టు ఎవురూ సూడగూడదు," అంది. చూడొద్దంటే నాకు చూడాలనిపించింది. నాకప్పుడు పదేళ్ళు. నీలం ఎట్లా ఉంటుందో తెలియాలి. అందరూ పడుకున్నాక సున్నం గీత తొక్కి లోపలికి వెళ్ళి గుడ్డ ఒక చెంగు ఎత్తాను. చీకట్లో ఏ రంగూ కనబడలేదు. అందుకని స్క్రీను మీది దుప్పటి కొంచెం పక్కకు లాగాను. నల్లటి తెర మీద టెర్విన్ అనే నీలం అక్షరాలు మెల్లగా తేలుతూ ఒక అంచుకు పోయి తగిలి, తిరిగి ఇంకో అంచుకు పోతున్నాయి. ఆ పేరు సరిగ్గా మూలకు ఎప్పుడు తగులుతుందా అని చూస్తూ కూర్చున్నాను. ఒకసారి తగలబోయి తప్పింది. ఇంకోసారి తగులుతుందనుకున్నాను. ఫ్యాను గాలి వెచ్చగా మోకాళ్ళకు తగులుతోంది. కాగితాల మీద చుక్కలు కూడా అదే నీలం. ఆ వెలుగు వాటి మీదుగా వచ్చిపోతుంటే, లోపల ఉన్నవి కూడా అక్షరాలు చూస్తున్నాయనిపించింది. చలికి లేచి వసారాలోకి వెళ్ళి పడుకున్నట్టు గుర్తుంది. గుడ్డ చెంగు దించినట్టు, స్క్రీను మీది దుప్పటి సర్దినట్టు గుర్తు లేదు.

తెల్లవారకముందే అమ్మ అరుపు విని లేచాను. స్క్రీను వైపున్న కాగితాలు కదులుతున్నాయి. నల్లటి నూలు తుంపుల్లా వందలకొద్దీ పురుగులు తలలెత్తి గాలిలో దేన్నో వెతుకుతున్నాయి. అటు పక్క కాగితాలు మాత్రం నీలంగా, నిశ్శబ్దంగా ఉన్నాయి. సగం పంట రెండు రోజులు ముందుగా పుట్టేసింది. నాయన గడప దగ్గర నిలబడి, "గుడ్డ తీసింది ఎవురు?" అన్నాడు. ఆయన గొంతు అంత మెల్లగా ఉండటం నేను ఎప్పుడూ వినలేదు. నేను నోరు తెరిచేలోపే రఘు మామ, "నేనే బావా. ఫ్యాను సద్దు మారితే చూద్దామని తీసినా," అన్నాడు. "నీ కంపెనీ ఎలుతురు పాడుగాను!" అన్నాడు నాయన. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. తమ్ముడికి ఆ ఇంట్లో ఇంక చోటు లేదని ఆమె ముఖంలో రాసి ఉంది. నేను చెప్పలేదు. చెప్పాలని ఉంది, చెప్పలేదు.

అవ్వ మాత్రం ఎవరి ముఖమూ చూడలేదు. కాగితం మీదికి వంగి పురుగులను చూస్తూ, "ఆకు యాడుండాదప్పా?" అంది.

మామకు ఆ మాట అర్థమైంది. పురుగులు పుట్టిన పూటే లేత ఆకు అందాలి. బుట్టలో తెస్తే చలిగాలికి వాడిపోతుంది. మామ ల్యాప్‌టాప్ బ్యాగును ఖాళీ చేసి, లోపల తడి తువ్వాలు పరిచాడు. పెట్టెకు దెబ్బ తగలకుండా ఆ కంపెనీవాళ్ళు బ్యాగు లోపలంతా మందంగా మెత్త కుట్టారు. బ్యాగు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలన్నాడు, నన్ను చూసి. నాయన మోపెడ్ మీద మేమిద్దరం బయలుదేరాం. దారిలో నేను మామ వీపుకు ముఖం ఆనించి ఏడ్చాను. గాలి శబ్దంలో వినబడదనుకున్నాను.

మేం చేరేసరికి పొద్దు మొలిచింది. నారాయణమ్మత్త తోట గట్టు మీద నిలబడి మమ్మల్ని ఎగాదిగా చూసింది. "నేను చెప్పిన దినం ఎల్లుండి కదప్పా?"

"ముందొచ్చినాయి అత్తా."

"ఎండ తగిలినాక కోసిన ఆకు పసి పురుగులకెట్ల ఏస్తార్రా? మీ అత్తకు తెలీదా?" అంటూ కాసేపు తిట్టింది. తర్వాత మామ భుజాన ఉన్న బ్యాగు చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏమప్పా ఆఫీసరూ, బ్యాగేసుకోని యాడికి పోతాండావు? నా తోటకు మేనేజరుగా వస్తివా?"

"పనిస్తే చేస్తా అత్తా. ఉత్తగానే ఉండా," అన్నాడు మామ. అది జోకో కాదో ఆమెకు తెలియలేదు. మామ బ్యాగు తెరిచి లోపలి తడి తువ్వాలు చూపించాడు. ఆమె చెయ్యి పెట్టి చూసింది, అటూ ఇటూ ఒత్తింది. "మెత్తగుండాది. పసిబిడ్డను పండేయొచ్చు," అని గొణిగి ఇంట్లోకి పోయింది. తన పురుగుల కోసం మంచులోనే కోసి తడిగుడ్డ కింద దాచుకున్న బుట్ట తెచ్చి, అందులో సగం లేత ఆకు బ్యాగులోకి వంచింది. "బిన్నా పో, ఆకు వాడేలోపల. రేపు మంచులోనే మళ్ళ రా," అంది. వచ్చే దారిలో బ్యాగు నా ఒళ్ళో ఉంది. లోపలినుంచి చల్లదనం నా తొడలకు తగులుతోంది. ఆ దారిలో ప్రతి గుంత దగ్గరా రెండు చేతులతో దాన్ని పైకి ఎత్తి పట్టుకున్నాను.

అవ్వ ఆకును సన్నగా తరిగి, కోడి ఈకతో పురుగులను ఒక్కొక్క గుంపుగా దాని మీదికి దించింది. కొన్ని అప్పటికే కదలడం మానేశాయి. వాటిని పక్కన పెట్టింది. మిగతావి ఆకు మీదికి తల దించాయి. "పట్టినాయి," అంది. అమ్మ లేచి మొహం కడుక్కుంది. ఆ పంట మొత్తం రెండు జట్లుగానే పెరిగింది. ముందొచ్చిన తట్టలు ఒక వైపు, వెనకొచ్చిన తట్టలు ఒక వైపు. పురుగులు చర్మం విడిచే ముందు తినడం మానేసి కదలకుండా ఉంటాయి. దాన్ని మేం జ్వరం అంటాం. ఒక వైపు జ్వరమైతే ఇంకో వైపు ఆకలి. అవ్వకు రెట్టింపు చాకిరీ. రోజూ తెల్లవారుజామున బ్యాగు వేసుకుని ఆకు తెచ్చింది మామే. నాయన మూడు రోజులు మామతో మాట్లాడలేదు. నాలుగో రోజు మోపెడ్ తాళం తనంతట తానే అందించాడు. ముందొచ్చినవి కొంచెం సన్నగా, కొంచెం చిన్నగా గూళ్ళు కట్టాయి. కానీ కట్టాయి. ఆ నెలలో మా ఇంట్లో వాన శబ్దం ఒక మూల ఆగితే ఇంకో మూల మొదలయ్యేది. నాయన నిద్ర లేవడం మానేశాడు.

మామకు ఇంకో కంపెనీ పని రాలేదు. హిందూపురంలో రిపేరు షాపు పెట్టుకున్నాడు. అవ్వ పోయింది. మల్బరీ పోయింది, ఆ బావిలో నీళ్ళు అంతకు ముందే పోయాయి. నడిమి గదిలో ఇప్పుడు టీవీ ఉంది. గడప దగ్గర సున్నం గీత స్థానంలో అమ్మ రబ్బరు పట్టా వేసింది. నా దగ్గర ఇప్పుడు అవ్వకు లేనివి ఎన్నో ఉన్నాయి. జ్వరం చూసే పరికరం, గదిలో వేడి చూసే పరికరం, బాబు ఎన్నిసార్లు పాలు తాగాడో రాసుకునే ఫోను. వాటిని చూస్తాను, మళ్ళీ చూస్తాను. అవ్వ ఒకసారి మణికట్టు ఆనించి చూసి, ఇక చాలని వెళ్ళి పడుకునేది.

ఆదివారం బాబు నిద్రపోయాక మామకు చెప్పేశాను. ఇరవై ఏళ్ళ మాట, గుడ్డ చెంగు మాట. ఆ ఊపులో బస్సు మాట, గుంతల మాట కూడా. మామ అరటిపండు ఒలుస్తూ విన్నాడు.

"తెలుసు పాపా. సున్నం గీత తొక్కినావు కదా. వసారా దంకా ఉండ్య నీ చిన్న పాదాల గుర్తులు, తెల్లగా. మీ నాయన చూసేలోపల మీ అవ్వే తుడిచేసింది. నేను చూస్తి."

"మరి అవ్వ నన్నెందుకు అడగలేదు?"

"అడిగేకి టైము యాడుండాది? మీ నాయన ఎవురు చేసిరి అనె. మీ అవ్వ ఆకు యాడుండాది అనె. అంతే." పండు సగం విరిచి నా చేతిలో పెట్టాడు. "బిడ్డ పాలు తాగుతాండాడా?"

"తాగుతున్నాడు."

"ఇంకేమి మరి. తిను."

ఇందాక పెట్టెకు కరెంటు పెట్టి చూశాను. స్క్రీను వెలగలేదు. కానీ కాసేపటికి లోపల ఫ్యాను ఉమ్‌మని తిరిగింది, పక్క చీలికల్లోంచి గాలి వచ్చింది. మణికట్టు ఆనించాను. వెచ్చగా ఉంది. ఆపేసి లేచి బాబు గదిలోకి వెళ్ళాను. ఫోను చేతిలోనే ఉంది. లైటు వేయకుండా దాన్ని బయటే, గడప పక్కన బోర్లా పెట్టాను. చీకట్లో తడుముకుంటూ వెళ్ళి మణికట్టు లోపలి వైపు వాడి పొట్టకు ఆనించాను. లేస్తోంది, దిగుతోంది. వాడు ముఖం ముడుచుకున్నాడో లేదో నాకు కనబడలేదు. నిద్ర మాత్రం లేవలేదు.